మా పెరడు కట్టిన మేస్త్రి గారు

మేస్త్రి గారు పోయారని నాకు సిమెంటు కొట్టు దగ్గర తెలిసింది. కుళాయి గట్టు బీటిచ్చిందని కాస్త సిమెంటు కోసం వెళ్లాను. కొట్టాయన సంచి కడుతూ, "మాస్టారూ, మీ పెరడు కట్టిన మేస్త్రి మొన్న పోయాడటండీ. అదేనండీ, నీళ్లు వంటింట్లోకి మళ్లించాడే, ఆయన," అన్నాడు. పక్కనున్న ఇద్దరు నవ్వారు. చచ్చిపోయిన మనిషి గురించి చెబుతుంటే నవ్వెలా వచ్చిందయ్యా మీకు అని వాళ్ల మీద అరిచాను. కొట్టాయన బిత్తరపోయాడు. "నేనేమన్నానండీ, ఊళ్లో అందరూ అనేదేగా," అన్నాడు. నిజమే, అందరూ అనేదే. అందరూ అలా అనేటట్టు చేసింది నేను. సిమెంటు తీసుకోకుండానే ఇంటికి వచ్చేశాను.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు నెమ్మదిగా రాయాలంటారు. నాకు చేతకావడం లేదు. మూడు రోజులుగా ఒళ్లు మండిపోతోంది. నా మీద, మా అన్నయ్య మీద, ఈ ఊరి మీద. ఉన్నమాట చెప్పాలంటే, నోరు విప్పకుండా వెళ్లిపోయిన ఆ పెద్దమనిషి మీద కూడా. అందుకని జరిగింది జరిగినట్టు మీకు చెప్పేస్తాను.

సత్తెనపల్లిలో మేం ఇల్లు కట్టుకున్న కాలనీ అంతకుముందు పత్తి చేను. నల్లరేగడి నేల. వాన పడితే ఉబ్బుతుంది, ఎండ కాస్తే నెర్రెలిస్తుంది. రెండువేల సంవత్సరం వచ్చేస్తోందని లోకమంతా హడావిడి పడుతున్న రోజుల్లో ఇల్లు పూర్తయింది. వెనక పెరడు మాత్రం బురదగుంటలా మిగిలిపోయింది. వంటింటి తలుపు తీసి కాలు బయట పెడితే చెప్పు అందులోనే ఉండిపోయేది. నేను బడి నుంచి వచ్చాక ఇద్దరం కాసేపు గాలికి కూర్చునే చోటు కావాలని మా ఇంటావిడ పట్టుబట్టింది. ఎవరో చెబితే మేస్త్రి గారిని పిలిపించాను.

ఆయన వచ్చి నన్ను ఏమీ అడగలేదు. మా ఆవిడని అడిగారు. "అమ్మా, సాయంత్రం నాలుగింటికి మీరు ఎక్కడ కూర్చుంటారు?"

"కూర్చునే చోటుంటే మిమ్మల్నెందుకు పిలుస్తానండీ?" అంది మా ఆవిడ.

ఆయన నవ్వి, ఇంట్లోంచి ఒక స్టూలు తెప్పించుకున్నారు. ఆ రోజంతా దాన్ని పెరట్లో అటూ ఇటూ జరుపుతూ ఏ వేళకి నీడ ఎక్కడ పడుతుందో చూశారు. ఆ తరువాత బిందెడు నీళ్లు తీసుకుని నేల మీద నాలుగు చోట్ల పోసి, గొంతుక్కూర్చుని, అవి పారిన దారి వెంట సున్నంతో గీతలు గీశారు. ప్లాను కాగితం మీద గీసి చూపించండి అన్నాను. "కాగితం మీద నాకు రాదండీ. నేల మీదే గీస్తా. మీరు దాని మీద నడిచి చూసుకోండి," అన్నారు.

నడిచి చూశాం. వంటింటి గుమ్మం బయట ఒక గదంత మేర నాపరాళ్లు. ఒక పక్కన మోకాలెత్తు గట్టు, నలుగురు వరసగా కూర్చునేట్టు. దాని మీదికి సన్నజాజి పందిరి. గోడ వారన రెండడుగులు మట్టి వదిలి కరివేపాకు, నిమ్మ, మందార. ఏడాది కారానికి మిరపకాయలు ఆరబోసుకోవడానికి ఎండ బాగా తగిలే మూల. మొత్తం నేలంతా కంటికి కనపడనంత వాలుగా వెనక సందులో కాలువ వైపు దిగుతుంది. "ఇల్లు పడుకోవడానికి కట్టుకుంటారండీ, పెరడు బతకడానికి," అన్నారు ఆయన. మా ఆవిడ ఆ సున్నం గీతల మధ్యే ఉత్త నేల మీద కూర్చుండిపోయింది. పెళ్లయ్యాక ఆవిడ ముఖంలో అంత సంతోషం నేను చూసింది తక్కువ.

అప్పుడు దిగాడు మా అన్నయ్య.

అన్నయ్య పల్లెలో ఉండి పొలం చూసుకుంటాడు. ఆ ఏడు పచ్చపురుగు ఆయన పత్తిని నిలువునా తినేసింది. ఏ మందుకీ లొంగలేదు. దాంతో దోషం ఎక్కడుందా అని వెతకడం మొదలుపెట్టాడు. ఆ రోజులే అలాంటివి. వాస్తు పేరు చెప్పి గేట్లు పీకి మార్చారు, మెట్లు పడగొట్టారు, నిక్షేపంలాంటి బావులు పూడ్చేశారు. అన్నయ్య ఒక సిద్ధాంతిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన జేబులోంచి దిక్సూచి తీసి, పెరటి మధ్య నిలబడి, తల అడ్డంగా ఊపాడు. నైరుతి పల్లంగా ఉందట. పల్లం ఈశాన్యం వైపు ఉండాలట. అంటే కాలువ వైపు పోయే నీళ్లు ఇంటి వైపు రావాలి.

"ఏరా, నా చేను ఎందుకు పోయిందో ఇప్పటికైనా అర్థమైందా?" అన్నాడు అన్నయ్య. "ఆస్తులు పంచుకున్నాం గానీ రక్తం ఒకటేగా! నీ పెరటి దోషం నాకు తగిలింది."

పది మైళ్ల అవతల పురుగు తిన్న పత్తికి నా పెరటి పల్లం కారణం! పాతికేళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, పక్కున నవ్వాల్సింది. నవ్వలేదు. చిన్నప్పటి నుంచీ అన్నయ్య గొంతు పెంచితే నా గొంతు తగ్గిపోతుంది. మా ఆవిడే అంది, "వంటింట్లోకి నీళ్లొస్తే సిద్ధాంతి గారొచ్చి తోడతారా, బావగారూ?" అని. ఆవిడని ఎవరూ పట్టించుకోలేదు.

మేస్త్రి గారు బిందెతో నీళ్లు తెచ్చి పోశారు. నీళ్లు తిన్నగా కాలువ వైపు పోయాయి. "చూశారుగా," అన్నారు.

"నీళ్లు ఎటు పోతాయని కాదయ్యా, ఎటు పోవాలో శాస్త్రం చెబుతుంది," అన్నాడు సిద్ధాంతి.

"ఆయనకి మన శాస్త్రం ఏం తెలుస్తుందిలెండి," అన్నాడు అన్నయ్య. ఆ 'మన' అన్న మాట మేస్త్రి గారికి వినిపించింది. అప్పుడు రంజాన్ నెల, ఆయన ఉపవాసంలో ఉన్నారు. పొద్దుటి నుంచి పచ్చి నీళ్లు ముట్టని మనిషి మా కోసం బిందెలు మోస్తున్నారు. అప్పుడు కూడా నేను అన్నయ్యని ఏమీ అనలేదు.

అన్నయ్య వాళ్లు వెళ్లాక, "పల్లం మార్చేయండి మేస్త్రి గారూ," అన్నాను.

"ఇది మీ మాటా, వాళ్ల మాటా?"

"నా మాటే."

ఆయన బిందె పక్కన పెట్టారు. "ఇల్లు మీది మాస్టారూ. వాన మాత్రం మీది కాదు," అన్నారు. మర్నాటి నుంచి పని మొదలుపెట్టారు. ఇష్టం లేని పని కదా అని ఒక్క రాయి కూడా వంకరగా పెట్టలేదు. అంత శ్రద్ధగా కట్టారు కాబట్టే, తరువాత వర్షాకాలంలో ముసురు పట్టినప్పుడు పెరట్లో నీళ్లన్నీ చుక్క పోకుండా మా వంటింటికి వచ్చాయి. బియ్యం తడిశాయి. కింద రేగడి ఉబ్బి వంటింటి గోడ నిలువునా చీలింది.

కబురు పెట్టకుండానే మొదట వచ్చింది మేస్త్రి గారే. గోనెసంచుల్లో ఇసుక నింపి గుమ్మానికి అడ్డం వేశారు, మా ఆవిడతో కలిసి నీళ్లు తోడారు. వాన వెలిశాక కాలనీ వాళ్లంతా చూడ్డానికి వచ్చారు. ఎదురింట్లో బ్యాంకు ఉద్యోగి ఉండేవాడు. అతని పెరడు కూడా మేస్త్రి గారే ఒప్పుకున్నారు, రాళ్లు కూడా దిగాయి. అతను గోడ బీట వైపు చూసి, ఆయన ఎదురుగానే నన్ను అడిగాడు. "మాస్టారూ, ఈ పెరడు ఈయనేగా కట్టింది?"

"ఆఁ. ఆయనే కట్టారు," అన్నాను.

అంతే. అక్కడ ఆగిపోయాను. పల్లం నేనే మార్పించాను అనాల్సిన రెండో ముక్క గొంతు దాటలేదు. పదిమందిలో లెక్కల మాస్టారు వెర్రివాడు అవుతాడని భయం. సగం రాసి వదిలేసిన లెక్కకి నేను జన్మలో మార్కులు వేయలేదు. మేస్త్రి గారు నా ముఖంలోకి చూశారు, తలపాగా విప్పి చేతులు తుడుచుకున్నారు, వెళ్లిపోయారు. వారం తిరక్కుండా ఎదురింటి పని ఇంకొకరికి పోయింది. ఆ తరువాత మా కాలనీలో ఆయన్ని పిలిచినవాళ్లు లేరు.

ఇక్కడితో అయిపోతే నన్ను నేను క్షమించుకునే దారి ఏదో వెతుక్కునేవాణ్ణి. వేసవిలో మా ఆవిడ నాతో చెప్పకుండా ఆయన్ని పిలిపించింది. ఆయన వచ్చి రాళ్లన్నీ లేపి, కింద రేగడి తవ్విపోసి, గ్రావెల్ నింపి, మొదట గీసిన గీతల ప్రకారం మళ్లీ పరిచారు. ఒకరోజు అన్నం తింటున్నప్పుడు అడిగాను, ఆ రోజు మీరెందుకు నోరు విప్పలేదని.

"నేను చెప్తే సాకు అంటారండీ. మీరు చెప్తే నమ్ముతారు," అన్నారు.

అంతకంటే తిన్నగా ఎవరు అడుగుతారు? నేను తల ఊపి, ఆయన కంచంలో మజ్జిగ పోశాను.

ఆ ఏడు అన్నయ్య వచ్చి గట్టు మీద చొక్కా విప్పుకుని కూర్చున్నాడు. జాజి పందిరి కింద గాలి హాయిగా ఉంది. "చూశావురా, వాస్తు కుదిరితే ఇల్లు ఇట్టా ఉంటది! నా చేను కూడా తిరిగింది ఈ ఏడు," అన్నాడు. పల్లం మళ్లీ మారిన సంగతి ఆయన కనిపెట్టలేదు. నేనూ చెప్పలేదు. కాఫీ ఇచ్చి ఊరుకున్నాను. చుట్టుపక్కలవాళ్లు వచ్చి పెరడు బ్రహ్మాండంగా ఉంది, ఎవరు బాగుచేశారని అడిగితే, "ఏదో, మేమే దగ్గరుండి చేయించుకున్నాం," అనేవాణ్ణి.

ఆయన మాత్రం గుంటూరులో అపార్ట్‌మెంట్లు కట్టే చోటికి రోజు కూలికి పోయారు. బిందెడు నీళ్లతో నేల గుణం చెప్పగల మనిషి, ఎవరి చేతి కిందో కాంక్రీటు గమేళాలు మోశారు. పొద్దున్నే బస్టాండులో క్యారేజీ పట్టుకుని కనపడేవారు. నేను ముఖం తిప్పుకునేలోపే, "బాగున్నారా మాస్టారూ? జాజి పూస్తోందా?" అని పలకరించేవారు. పూస్తోందనేవాణ్ణి. ఎనిమిదేళ్లలో మా మధ్య నడిచిన మాటలు ఇవే.

నిన్న సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. వాకిట్లో తాపీ పనివాళ్లు ఏడెనిమిది మంది కూర్చుని ఉన్నారు. ఆయన భార్య గుమ్మంలో ఉంది. నేను కూర్చోలేదు. బడిలో పాఠం చెప్పేంత గట్టిగా చెప్పాను. "మా పెరటి పల్లం మార్పించింది నేను. ఆయన వద్దన్నారు. నీళ్లు పోసి మరీ చూపించారు. నా తప్పు ఆయన నెత్తిన పెట్టి ఇన్నేళ్లు ఊరుకున్నాను."

ఆవిడ కొంగు సర్దుకుని చెప్పింది.

"మాకు తెలుసండీ మాస్టారూ. ఆ రోజే ఇంటికొచ్చి చెప్పారు. మీ వీధిలోకొచ్చి తగువేసుకుంటానని నేను బయల్దేరితే ఆయనే ఆపారు. మాస్టారు పిల్లలకి చదువు చెప్పే మనిషి, ఇయ్యాల కాకపోతే రేపు ఆయనే చెప్తారు, ఆగు అన్నారు. చానాళ్లు ఆగామండీ. మొన్న ఆసుపత్రిలో కూడా అదే మాటన్నారు."

ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, నాలుగు మాటలు పడి వచ్చేవాణ్ణి. పనివాళ్లలో అందరికంటే పెద్దాయన లేచి, తను కూర్చున్న కుర్చీని తుండుగుడ్డతో తుడిచి నా వైపు జరిపాడు. "కూర్చోండి మాస్టారూ," అన్నాడు. ఆయన నేల మీద కూర్చున్నాడు. నేను ఆ ఖాళీ కుర్చీ పట్టుకుని వాళ్లందరి మధ్యా నిలబడే ఉన్నాను.