కాస్త ముందుకి జరగండి, విమానం దిగుతోంది

నరసాపురం రేవులో ముప్పై రెండేళ్లు జనాన్ని అవతలి ఒడ్డుకి చేర్చే పంటు నడిపిన ముసలయ్య ఒక్క మనిషిని కూడా గోదాట్లో పడనివ్వలేదు. ఆ మాట ఆయన చెప్పుకోనక్కర్లేదు, ఊరే చెబుతుంది. అలాంటి మనిషి రిటైరయ్యాక రోజూ పొద్దున్నే ఇడ్లీ తిని, సావిట్లో కంప్యూటరు ముందు కూర్చుని నూట ఎనభై మందిని చంపుతున్నాడు.

మేనకోడలు ఆశాజ్యోతి పెట్టించిన విమానం ఆట అది. రాజమండ్రి రన్‌వే దగ్గరికొచ్చేసరికి విమానం ముక్కు పైకి లేస్తుంది. ఈయన జాయ్‌స్టిక్ కర్ర ముందుకి తోస్తే వాలుతుంది. కంగారుపడి వెనక్కి లాగితే మళ్లీ లేస్తుంది. అలా ఊగి ఊగి చివరికి చెరుకు తోటలో కూలుతుంది. ఉత్త ఆటేనని ఆయనకీ తెలుసు. అయినా మధ్యాహ్నం కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, అందర్నీ క్షేమంగా దింపాలి. అంతకుమించి ఏ కోరికా లేదు.

"మావయ్యా, పిచ్ హోల్డ్ అని ఓ మీట ఉంది. అది నొక్కితే ముక్కు దానంతటదే నిలబడుతుంది" అంది ఆశాజ్యోతి ఫోన్లో.

"అదే నిలబెడితే మరి నేనెందుకే అక్కడ?"

ఆయనకి తెలిసిన వైద్యం ఒక్కటే. పంటు ముక్కు లేస్తే వెనకున్న జనాన్ని ముందుకి జరపాలి. అందుకని ఆదివారం సావిట్లో నాలుగు వరసల ప్లాస్టిక్ కుర్చీలు వేశాడు. చేపల వ్యాపారి పోతురాజు, నూట పది కిలోల మనిషి, ఆఖరి వరసలో. పక్కింటి లేసు అల్లే ఆడవాళ్లు మధ్యలో. భార్య సూరమ్మ మాత్రం పొయ్యి మీద కూరుందని ఎక్కలేదు.

రన్‌వే కనబడింది. ముక్కు లేచింది.

"ముందుకి జరగండమ్మా! పోతురాజు గారూ, మీరు తొందరగా రావాలండి!"

పోతురాజు కుర్చీతో సహా వచ్చేశాడు. ఆడవాళ్లు అల్లిక వదలకుండానే ఒకరిమీదొకరు పడుతూ తెర దగ్గరికి చేరారు. సూరమ్మ కూడా గరిటెతో పరుగెత్తుకొచ్చి ఆయన పక్కన నిలబడింది. ముక్కు వాలింది, ఇంకోసారి కొంచెం లేచింది, నిలబడిపోయింది. చక్రాలు నేలని తాకాయి.

చప్పట్లు మోగాయి. "ఎవరూ లేవకండి, పూర్తిగా ఆగనివ్వండి" అన్నాడు ముసలయ్య. పోతురాజు వెళ్తూ వెళ్తూ దణ్ణం కూడా పెట్టాడు.

అందరూ వెళ్లాక తెర మూల పచ్చ దీపం కనబడింది. పిచ్ హోల్డ్.

"ఎవరు నొక్కారిది?" ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు.

"నేనేనండి" అంది సూరమ్మ. "జ్యోతినడిగి ఏ మీటో తెలుసుకున్నాను. రోజూ అంతమందిని పోగొట్టుకుని, పస్తుండి, గోడకేసి చూస్తా కూర్చుంటారు. నేను చూళ్లేకపోయానండి."

ముసలయ్యకి కోపమొచ్చింది, ఆ వెనకే సిగ్గేసింది. తర్వాత ఒక కుర్చీ లాగి తన కుర్చీ పక్కనే వేశాడు.

"రేపట్నించి నువ్విక్కడ కూర్చో. ఆ మీట నేను మాత్రం నొక్కను."