గోడకు నిలబడని తువ్వాలు

ఆ వీధి నీళ్ళ సంగతి చెబితే నమ్మరు. బిందె వంచితే నీళ్ళకంటే ముందు సున్నం దిగేది. ఆ నీళ్ళలో ఉతికిన తువ్వాలును గోడకు ఆనిస్తే దానంతటదే నిలబడేది. దాంతో ముఖం తుడుచుకున్నవాడికి ఆ వారం గడ్డం గీసుకునే పని తప్పేది.

అలాంటి వీధిలో, పెరటి రేకుల షెడ్డులో సబ్బుపొడి చేసి బతుకుతోంది గంజక్క. ఆవిడ పొడి కొనేది ఒక్కరే, లాండ్రీ నడిపే మేనమామ. పాత పొడిలో సున్నాన్ని అణిచే ఫాస్ఫేటు వీధి చివరి కుంటలో చేరి నాచు పేరుకుంటోందని ఆవిడ దాన్ని మానేసింది. అంతే, లాండ్రీ తువ్వాళ్ళు కూడా అట్టలయ్యాయి. ఇలాగే ఉంటే వేరే పొడి చూసుకుంటానన్నాడు మామ. అంటే షెడ్డుకు తాళమే.

గంజక్క కొంగు బిగించింది. మొక్కజొన్న గంజిపొడిని బ్లీచింగ్ నీళ్ళలో కలియబెట్టి దాని గుణం మార్చింది. అలా మారిన గంజి నీళ్ళలోని సున్నాన్ని, అంటే కాల్షియాన్ని, పట్టేసుకుంటుంది. ఇక సబ్బుకు అడ్డేముంది?

"గంజి పెడితే బట్ట బిర్రబిగుస్తుందే పిచ్చిపిల్లా! మెత్తబడుతుందా?" మామ పగలబడి నవ్వాడు. ఆవిడకు గంజక్క అని పేరు పెట్టింది ఆయనే.

"ఇది ఆ గంజి కాదు మావయ్యా. సున్నం మెడ పట్టుకునే గంజి."

ఇంట్లో మరిది చేత ఉతికిస్తే తువ్వాలు పువ్వులా వచ్చింది. లాండ్రీలో మళ్ళీ అట్టే. గంజక్క మరిదిని నిలదీసింది.

"ఇంట్లో ఏ నీళ్ళు పోశావయ్యా?"

"పరీక్ష కదా వదినా, బాగా రావాలని తాగే ఫిల్టరు నీళ్ళు పోశా."

"నీ మంచితనం మండ! సున్నమే లేని నీళ్ళలో నా గంజి ఎవర్ని పట్టుకుంటుంది, నిన్నా?"

ఆనాటి నుంచి పరీక్షకు లాండ్రీ తొట్టి నీళ్ళే మోయించింది. గంజిలో బ్లీచింగ్ మోతాదు పెంచింది. ఒకసారి వేడెక్కువై పిండంతా జిగురైతే గరిటెతోపాటు మరిదీ అతుక్కుపోయాడని వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆవిడ మాత్రం గంగాళం గీకి, కడిగి, మళ్ళీ మొదలుపెట్టింది.

చివరికి లాండ్రీలోనే, మామ కళ్ళెదుటే ఉతికి ఆరేసింది. ఆరిన తువ్వాలును ఆయన గోడకు ఆనించాడు. అది జారి కుప్పకూలింది. మళ్ళీ ఆనించాడు. మళ్ళీ కూలింది. మూతి ముడుచుకుని, దాన్ని చెంపకు రాసుకున్నాడు.

"బస్తాలు పంపించవే అమ్మాయ్," అన్నాడు. "నేను మాత్రం ఇక బ్లేడు కొనుక్కోవాలి."