మందు లేని సూదులు

మా నాన్న మెడ పట్టేసిన సంగతి ఊరందరికీ తెలిసింది ఆయన స్కూటరు వల్ల. మెడ కుడివైపు తిరగదు కాబట్టి కుడి పక్క సందుల్లోంచి ఏది వచ్చినా ఆయన లెక్కలో అది రానట్టే. మొదట ఒక వడ్ల ట్రాక్టరుకు ఎదురెళ్లాడు. ట్రాక్టరు నడిపేవాడు తెలివైనవాడు, తప్పించుకున్నాడు. తర్వాత ఒక పెళ్లి ఊరేగింపులోకి వెళ్లాడు. బ్యాండు మేళం వాళ్లు వాయింపు ఆపకుండానే కాలువ గట్టెక్కేశారు. "ఎవరికీ దెబ్బ తగల్లేదు కదే, ఎందుకంత గోల?" అన్నాడు ఇంటికొచ్చి. అమ్మ స్కూటరు తాళం తీసుకెళ్లి బియ్యం డ్రమ్ములో అడుగుదాకా కూరేసింది.

మాది మండపేట దగ్గర పల్లె. ఇది రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. నేను కాకినాడ హాస్టల్లో ఉండి ఎమ్మెస్సీ చదువుతూ శనివారాలు ఇంటికి వస్తుండేదాన్ని. వచ్చినప్పుడల్లా నాన్న మెడ మీద కొత్త వైద్యం కనిపించేది. ఉప్పు కాపడం, ఆముదం, తలగడ మార్చడం, తలగడ తీసెయ్యడం. వీటన్నిటి పైన మా ఊరి ఆరెంపీ డాక్టరు గారి సూదిమందు. మా వైపు జ్వరానికి సూదిమందు, నీరసానికి సూదిమందు, పెళ్లిచూపుల ముందు కంగారుకు కూడా సూదిమందే. చురుక్కుమంటే డాక్టరు మంచివాడు, బాగా మండితే ఇంకా మంచివాడు. నాన్న దగ్గర అవేవీ పనిచెయ్యలేదు.

మెడ ఎందుకు పట్టేసిందో చెప్పాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి. తాతగారు పోయాక ఇంటిని నాన్న, బాబాయి చెరిసగం పంచుకున్నారు. లోపల గోడ లేచింది కానీ వీధి అరుగు మాత్రం ఒకటే పొడుగ్గా ఉండిపోయింది. వీధికి ఎదురుగా కూర్చుంటే ఎడమ సగం నాన్నది, కుడి సగం బాబాయిది. ఇద్దరికీ పొద్దునా సాయంత్రం ఆ అరుగు మీద పడక్కుర్చీ వేసుకుని కూర్చుంటే తప్ప తిన్నది అరగదు. పంచుకున్నాక కూడా ఒకే పేపరు చింపుకుని చదివేవాళ్లు.

ఒక సార్వా పంటలో మేం నారు పోసిన ఆకుమడికి వంతు నీళ్లు రాత్రికి రాత్రే మాయమయ్యాయి. పక్కనే బాబాయి మడి నిండుగా ఉంది. నాన్న నోరు జారాడు, బాబాయి ఇంకొంచెం జారాడు. తీరా చూస్తే గట్టుకు పీతలు బొరియ పెట్టాయి, నీళ్లు దానిలోంచి అటు దిగాయి. దొంగ దొరికింది కానీ అప్పటికే ఇద్దరూ అనకూడనివన్నీ అనేసుకున్నారు. పీత కోసం మాటలు మానేశామంటే పరువు తక్కువ కనుక ఇద్దరూ ఇంకో కారణం వెతుక్కుని దాన్ని పట్టుకుని కూర్చున్నారు. ఆ కారణం ఏమిటో మాకెవ్వరికీ చెప్పలేదు. వాళ్లకైనా తెలుసో లేదో.

మా వైపు మాటలు లేనివాళ్లు ఎదురుపడితే మొహం పక్కకు తిప్పుకుంటారు. అది ఒక మర్యాద. తిప్పుకోకపోతే లొంగిపోయినట్టు. వీధిలో ఎదురుపడ్డవాళ్లకైతే ఒక్క క్షణం పని. అరుగు మీద పక్కపక్కనే కూర్చునేవాళ్లు గంటల తరబడి తిప్పుకునే ఉండాలి. మా నాన్న నియమం తప్పని మనిషి. కుర్చీలో కూర్చుంటూనే మెడ ఎడమకు తిప్పేవాడు, మళ్లీ లేచేదాకా సరిచేసేవాడు కాదు. ఏళ్ల తరబడి అలా కూర్చున్నాక ఒకరోజు మెడ తనంతట తనే అక్కడ ఆగిపోయింది.

అమ్మా పిన్నీ మాత్రం ఒక్కరోజు కూడా మాట్లాడుకోవడం మానలేదు. దొడ్డి గోడ మీదుగా కూర గిన్నెలు వెళ్లేవి, చారు గిన్నెలు వచ్చేవి. నాన్న ఆ కూరలు లొట్టలేసుకుంటూ తినేవాడు, ఎక్కడివని అడిగేవాడు కాదు.

అలాంటి రోజుల్లోనే ఆ కబురు గోడ మీదుగా వచ్చింది. బాబాయి తన సగం అమ్మేస్తున్నాడు. కొనేది ఒక మిల్లు వాళ్లు. ఖాళీ గోనె సంచులు వేసుకోవడానికి గోడౌను చేస్తారట. వచ్చే వారం కాగితం రాసుకుంటారు. పిన్ని గోడకు అటు, అమ్మ ఇటు ఏడ్చారు. అమ్మ కళ్లు తుడుచుకుని వచ్చి నాన్నను అడిగింది.

"ఏవండీ, అమ్మొద్దురా అని ఒక్క మాట అనండి. పెద్దవారు."

"నేనెందుకు అడుగుతాను? ఆడి సగం, ఆడిష్టం."

"ఆ గోనెల్లో పందికొక్కులు చేరతాయండి."

"చేరనీ. ఆడికంటే అవే నయం."

అని పెరుగన్నం వదిలేసి లేచిపోయాడు. రాత్రంతా ఇంట్లో అటూ ఇటూ తిరిగాడు. అడగాలని ఆయనకు ఎంత ఉందో నాకు తెలుసు. నోరు రావడం లేదు, అంతే. నాకు ఆయన మీద జాలి, కోపం ఒకేసారి వచ్చాయి.

ఆ శనివారం నేనే చెప్పాను, కాకినాడలో ఒక ఫిజియోథెరపీ డాక్టరమ్మ సన్నటి సూదులతో పట్టేసిన కండలు వదులు చేస్తోందని, మా హాస్టల్ వార్డెన్ భుజం అలాగే బాగుపడిందని. సూదులనగానే నాన్నకు గురి కుదిరింది. అమ్మ మాత్రం "ఒక్కసారి ఉండు" అని దొడ్లోకి వెళ్లి చాలాసేపటికి వచ్చింది. సోమవారం పది గంటలకని ఫోన్ చేసి చెప్పమంది. పది గంటలే ఎందుకో అప్పుడు నాకు తట్టలేదు.

సోమవారం క్లినిక్ గుమ్మంలో అడుగుపెట్టగానే తట్టింది. కుడి పక్క కుర్చీలో పిన్ని కూర్చుని ఉంది, ఒళ్లో బాబాయి చొక్కా మడతపెట్టి పట్టుకుని. అమ్మ నాన్నను ఎడమ గోడ పక్కనుంచి నడిపించి లోపలికి తీసుకెళ్లింది. పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది. ఆమె కుర్చీకి మూరెడు దూరంలోంచి వెళ్లినా నాన్నకు తెలియలేదు. ఆ మెడ వల్ల జరిగిన మేలు అదొక్కటే.

లోపల రెండు బల్లలు, మధ్యలో పచ్చటి తెర. డాక్టరమ్మ నాకంటే నాలుగేళ్లు పెద్దదేమో. నాన్న మెడకు ఎడమ పక్క, భుజం మొదట్లో బొటనవేలితో నొక్కింది. నాన్న కెవ్వుమన్నాడు.

"ఇక్కడ కండ ముడి పడిపోయిందండి. సూదితో ఆ ముడినే పొడుస్తాను. ఒకసారి ఎగిరిపడి తర్వాత వదులవుద్ది."

"మందేంటమ్మా అందులో?"

"మందేం ఉండదండి. ఒట్టి సూదే."

నాన్న అమ్మ వైపు చూశాడు. అమ్మ తెలివిగా ఎడమ పక్కనే నిలబడింది.

"ఒట్టి సూది పొడిపించుకోడానికి కాకినాడ దాకా రావాలటే? మన దొడ్లో తుమ్మకంప లేదూ?"

"తుమ్మకంప ఒకరికి వాడింది ఇంకొకరికి వాడేస్తారండి. ఇవి మీకోసం కొత్తగా విప్పుతున్నాను" అంది డాక్టరమ్మ, మొహంలో నవ్వన్నది లేకుండా.

వెటకారానికి సరిజోడు దొరికితే నాన్న ఎక్కడైనా పడిపోతాడు. నోరు మూసుకుని బోర్లా పడుకున్నాడు. ఆ బల్లకు తలవైపు ఒక గుండ్రటి చిల్లు ఉంది. మొహం అందులో పెడితే కింద నేల తప్ప ఏమీ కనపడదు. మొదటి సూది ముడికి తగలగానే బుట్టలో కొర్రమీనులా కండ ఎగిరిపడింది. "అయ్ బాబోయ్, మందు లేకపోయినా మర్యాదగానే ఉందమ్మా!" అని నాన్న మెచ్చుకున్నాడు. మూడు నాలుగు సూదులు అలాగే ఉంచి, కాసేపు కదలొద్దని చెప్పి ఆమె తెర అవతలికి వెళ్లింది.

అవతల ఎవరో "నెమ్మదమ్మా, నెమ్మది" అన్నారు.

నాన్న వీపు బిగుసుకుపోయింది. ఆ గొంతు ఎవరిదో నన్నడగక్కర్లేదు. లేచిపోదామంటే మెడలో సూదులు, తల తిప్పుకుందామంటే మొహం చిల్లులో ఉంది. తెర అవతల బాబాయికి కూడా నాన్న గొంతు తెలిసే ఉంటుంది. 

పాపం, డాక్టరమ్మకు ఇవేవీ తెలియవు. అవతలి బల్ల దగ్గర సూదులు సరిచూస్తూ గలగలా మాట్లాడేస్తోంది.

"మీ ఇద్దరూ ఒక ఊరివాళ్లే కదండీ. భలే ఉంది. మీదీ, ఆ పక్కన అంకుల్‌దీ ఒకటే పక్క, ఒకటే ముడి. కూర్చుంటే చాలు ఇద్దరూ ఎడమకే తిరుగుతారల్లే ఉంది. మీ ఊళ్లో ఎడమవైపు సినిమా ఏమన్నా ఆడిస్తున్నారేంటండీ?"

నేను నవ్వబోయి ఆగిపోయాను. అమ్మ నవ్వలేదు. నాన్న సంగతి సరే, బాబాయిని చూడకుండా ఉండాలంటే ఆయన ఎడమకే తిరగాలి. కానీ బాబాయి కూర్చునేది కుడి పక్క. నాన్న కనపడకూడదనుకుంటే బాబాయి కుడికి తిరగాలి. ఎడమకు తిరిగితే కనపడేది నాన్న ఒక్కడే.

నాన్నకు కూడా లెక్క తెగినట్టుంది.  బల్ల చిల్లులోంచి ఆయన గొంతు వచ్చింది.

"ఏమే, ఈ సంగతి నీకు తెలుసా?"

"పొద్దున్నా సాయంత్రం కాఫీ తెచ్చేది నేనే కదండీ. చూస్తూనే ఉన్నాను" అంది అమ్మ. "ఆయన పేరెత్తితే మీరు కంచం వదిలేసి లేచిపోతారు. ఇంకెలా చెప్పను?"

 అప్పుడు నాన్న, నాకు ఊహ తెలిశాక ఎప్పుడూ విననంత మెత్తగా అడిగాడు.

"ఒరేయ్. ఇటేపు ఏం చూస్తావురా రోజూ?"

"ఏముంది అన్నయ్యా" అన్నాడు బాబాయి తెర అవతలనుంచి. "పేపరు చదువుతున్నావో, నిద్రపోతున్నావో అని. ఒక్కోరోజు దగ్గేవాడివి. దగ్గు తగ్గిందో లేదో అని."

నాన్న బల్ల కింద నేల మీద రెండు చుక్కలు పడ్డాయి. నేను చూడనట్టు గోడ మీది ఎముకల బొమ్మ వైపు తిరిగాను. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

"అమ్మకురా" అన్నాడు నాన్న.

"ఏంటి?"

"ఇల్లు. అమ్మకురా. నేనడుగుతున్నాను."

"ఈ ముక్క అరుగు మీద కూర్చుని అడగలేకపోయావా అన్నయ్యా? ఇంత దూరం బస్సెక్కి, ఇద్దరం సూదులు పొడిపించుకుని అడగాలా?" అన్నాడు బాబాయి. అంటూ అంటూనే వెక్కిళ్లు పెట్టాడు.

"అంకుల్, కదలకండి! ఇద్దరూ కదలకండి! సూదులున్నాయి!" అని డాక్టరమ్మ ఒక బల్లకూ ఇంకో బల్లకూ మధ్య పరుగులు పెట్టింది. పిన్ని లోపలికి వచ్చేసింది. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. ఇంటికి వెళ్లగానే బేరం లేదని మిల్లు వాళ్లకు కబురు చేస్తానని బాబాయి పడుకునే చెప్పాడు.

సూదులన్నీ తీశాక డాక్టరమ్మ తెర పక్కకు లాగింది. నాన్న లేచి కూర్చున్నాడు. పళ్లు బిగించి, కొంచెం కొంచెంగా మెడ కుడివైపు తిప్పాడు. తిరిగింది. ఎదురు బల్ల మీద బాబాయి కాళ్లు వేలాడేసుకుని కూర్చుని ఉన్నాడు. నాన్న ఆయన్ని తలనుంచి కాళ్లదాకా చూసి, మళ్లీ తల దగ్గర ఆగిపోయాడు.

"ఒరేయ్, జుట్టంతా ఎప్పుడు నెరిసిపోయిందిరా నీకు?" అన్నాడు.