ఆలస్యంగా కొట్టిన గంట

మొన్న మా మఠంలో కొత్తగా చేరిన అమ్మాయి నా మంచం పక్కన కూర్చుని, "అమ్మమ్మా, ప్రార్థననీ సేవనీ సమంగా ఎలా నడిపించారు?" అంటూ నోట్‌బుక్ తెరిచింది. నడిపించానని దానికి ఎవరు చెప్పారో! నడిపించడం మాట దేవుడెరుగు, ఆ విషయం మీదే మా మదర్‌తో పోట్లాడినదాన్ని. అందుకు నాకు ఇప్పటికీ విచారం లేదు.

అరవైల చివర పలాసలో మేం అయిదుగురు సిస్టర్లం. ఒక పెంకుటిల్లు, వీధరుగు మీద మందుల బల్ల. బల్ల నాది, సాయంత్రం ఆరింటికి ప్రార్థన గంట కొట్టే పనీ నాదే. గంట మోగితే చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలి లోపలికి రావాలన్నది మదర్ నియమం. ఆవిడ చెడ్డమనిషి కాదు, మోకాళ్లు కాయలు కాచేలా ప్రార్థించే మనిషి. నాకూ ఆ వేళంటే ఇష్టమే. కొవ్వొత్తుల వాసన, వంటసిస్టర్ ఎత్తుకునే కీర్తన, అందులో అపస్వరం, నేను నవ్వాపుకోవడం, అన్నీ ఇష్టమే. కానీ జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లు పని దిగి వచ్చేదీ సరిగ్గా ఆ వేళకే. జీడిసొనకి వేళ్లు నల్లబడి, తోలు ఊడిపోయి వచ్చేవాళ్లు.

ఒకరోజు మందస వైపు మనిషి, చంటిపిల్ల తల్లి, రెండు చేతులూ చాచింది. "సిస్టరమ్మా, బేగి కట్టీయమ్మా. నువ్వెల్లిపోతే రేపటిదాకా ఈ మంటే. పిల్లకి అన్నం కలపనేకపోతన్నాను." ఒక చేతికి కట్టు కట్టానో లేదో ఆరయింది. వెళ్లి గంట కొట్టాను. మోకరించానే గాని ఒక్క ముక్క ప్రార్థన వస్తే ఒట్టు!

మర్నాటి నుంచి గంట ఆరున్నరకి కొట్టాను. ఇంట్లో ఉన్న ఒక్క గడియారం నా బల్ల వెనక గోడకే ఉండేది. మిగతావాళ్లకి నా గంటే టైము. ఎండాకాలమంతా బాగానే సాగింది. పొద్దులు కురచయ్యేసరికి దొరికిపోయాను. కీర్తన ఎత్తకముందే పుస్తకం కనబడక లాంతరు తెప్పించాల్సి వచ్చింది. మదర్ లేచి వెళ్లి గడియారం చూసి వచ్చారు.

నా మాటపట్టుకి, అంటే జీవితాంతం సిస్టర్‌గా ఉంటానని ప్రమాణం చేసే పండగకి, ఇంకా నెలే ఉంది. "దేవుడి వేళ దొంగిలించావు. అందరి ముందూ మోకరించి ఇంకెప్పుడూ చెయ్యనని చెప్పు. లేకపోతే మాటపట్టు లేదు," అన్నారు మదర్.

మోకరించాను. "మిమ్మల్ని మోసం చేశాను మదర్, అది తప్పే. కానీ ఆ అరగంట దేవుడి మనుషులకే ఇచ్చాను. రేపూ ఇస్తాను."

"యేసయ్యా!" అంది వంటసిస్టర్.

గంట వంటసిస్టర్ చేతికి పోయింది. నా మాటపట్టు ఏడాది వాయిదా పడింది. ఆ ఏడాదంతా ఆరింటికి ఆవిడ గంట కొట్టేది, నేను అరుగు మీద కట్లు కట్టేదాన్ని. అందరూ వెళ్లాక ఖాళీ గదిలో ఒక్కదాన్నే మోకరించేదాన్ని. కొన్నిసార్లు ఏడ్చాను కూడా.

ఏడాది నిండాక మదర్ పిలిచి, "ఇప్పుడైనా చెప్తావా?" అన్నారు.

"చెప్పను మదర్."

ఆవిడ నా చెయ్యి పట్టుకుని చూశారు. ఆ కట్లు విప్పీ కట్టీ నా వేళ్లూ నల్లబడ్డాయి. "మాటపట్టు ఉంగరానికి కొలత ఇవ్వు," అన్నారు.

యాభై ఏళ్లు దాటింది. ఇన్నేళ్లలోనూ నేను పూర్తిగా దేవుడికిచ్చానని గుండెమీద చెయ్యేసుకుని చెప్పగలిగేది, సిస్టర్‌నవుతానో లేదో తెలియని ఆ ఒక్క ఏడాదే.