అట్ట వేసిన తలరాత

నిన్నటి వానకి తడిసిన హెల్మెట్‌ని పొద్దున ఎండలో పెడుతుంటే, లోపలి స్పాంజిలోంచి చెమటా వాడిన మల్లెపూలూ కలిసిన వాసన గుప్పుమంది. మా మాణిక్యం మేడం వాసన! పెదపాడు దగ్గర మా ఊరి హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. ఏలూరు నుంచి రోజూ సైకిల్ మీద వచ్చేవారు, అదీ హెల్మెట్ పెట్టుకుని. మోటారు సైకిలున్నవాళ్లే హెల్మెట్‌ని ట్యాంకు మీద కూర్చోబెట్టి ఊరేగించే మా వైపు, సైకిల్‌కి హెల్మెట్టంటే వింత కాదూ? జనం పని మానుకుని మరీ చూసేవారు.

నాకు ఏలూరు కాలేజీలో సీటొచ్చింది. బస్సేమో మొదటి క్లాసు అయిపోయాక గాని దింపదు. సైకిల్ కొనమంటే, చేపల లారీలు తిరిగే రోడ్డని నాన్న ససేమిరా అన్నారు. మేడం రావడం లేదా అన్నాను. మర్నాడు ఆయన మా చేపల చెరువు గట్టు మీద ఆవిడ్నే ఆపేశారు.

"ఏవండీ మేడం గారూ, తలరాత బాగుంటే హెల్మెట్ ఎందుకండీ?"

"బాగుంది కాబట్టేనండీ, చెరిగిపోకుండా అట్ట వేసుకున్నాను."

ఏటా మా పుస్తకాలకి అట్టలు వేసేది నాన్నే. నవ్వాపుకోలేక తలగుడ్డ సర్దుకున్నారు. సైకిలొచ్చింది, హెల్మెట్‌తో సహా.

అలాగని అది పెట్టుకుంటే ఇక భయం లేదంటే మేడం ఒప్పుకునేవారు కాదు. ఈవిడకేం కాదులే అన్న ధీమాతో లారీలవాళ్లు మరీ రాసుకుపోతున్నారని ఆవిడ అనుమానం. జడా పూలూ కనబడితే కాస్త దూరం జరుగుతారట. అందుకని హెల్మెట్ వెనక చిల్లుల్లో మల్లెదండ తురిమేవారు. నాకూ నేర్పారు. పొద్దున్నే ఎదురెదురుగా వస్తూ, ఉత్సవ విగ్రహాల్లా ఒకరికొకరం బెల్లు కొట్టుకునేవాళ్లం.

ఓ రోజు గేదెని తప్పించబోయి మేడం కల్వర్టు మీద పడ్డారు. హెల్మెట్ నెర్రెలిచ్చింది, చెయ్యి విరిగింది. హెల్మెట్టుండీ చెయ్యి విరిగిందిగా అని సగం ఊరు, తల దక్కిందిగా అని సగం ఊరు. నాన్న నా సైకిల్‌కి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నారు. నా చదువు చెట్టెక్కినట్టే అనుకుని ఏడ్చాను. మేడంని చూడ్డానికి నాన్న నన్నూ వెంటబెట్టుకెళ్లి, ఆ టోపీ వల్ల ఏం లాభమండీ అని అడిగేశారు.

నా కోసం ఒక్క అబద్ధం ఆడతారని ఎంత ఆశపడ్డానో! ఆవిడ ఆడలేదు.

"పడకుండా ఆపదండి. లారీ గుద్దితే ఏమవుతుందో నాకు తెలీదు. ఇప్పుడు మాత్రం మీరెవరో గుర్తుపట్టి మాట్లాడుతున్నాను. దాని పని అంతవరకేనండి."

ఇంటికొచ్చాక నాన్న తాళంచెవి నా చేతిలో పెట్టారు. ఆ ఆదివారం మేత బస్తాతో చెరువుకి బయల్దేరిన ఆయన తల మీద, తలగుడ్డకి బదులు కొత్త హెల్మెట్! పూలు మాత్రం వద్దన్నారు.

మేడం ఇప్పుడు లేరు. సైకిల్ మీద పోలేదు, పెద్దవయసులో నిద్రలో పోయారు. తాడేపల్లిగూడెంలో లెక్కలు చెబుతూ నేనూ సైకిల్ మీదే బడికెళ్తాను. హెల్మెట్ నిజంగా పనిచేస్తుందా టీచర్ అని పిల్లలడిగితే, ఆవిడ చెప్పినంతే చెబుతాను, ఒక్క మాట పెంచను. స్పాంజి ఆరింది. పూలు మార్చాలి.