బెల్మీరు గాయపరిచిన చెట్టు

పది మీటర్ల ఎత్తున, తాడు లేకుండా, రెండు కొమ్మల మధ్య ఒంటికాలి మీద నిలబడి గొడ్డలి వేసే మనిషి ఒక కుర్చీని చూసి వణకడం నేను చూశాను. అతని పేరు బెల్మీరు. వయసు ముప్పై ఏడు. ఆలెంతేజు ప్రాంతంలో మా ఊరి చుట్టూ, సీసా బిరడాలకు వాడే కార్కు చెట్ల తోటల్లో బెరడు ఒలిచే ముఠాలో మొదటి గొడ్డలి అతనిదే. ఆ కుర్చీ విశ్వవిద్యాలయంలో ముగ్గురు ప్రొఫెసర్ల ఎదుట వేసి ఉంది. అందులో కూర్చుని అడిగినవాటికి జవాబులు చెబితే చదువుకోవడానికి సీటు ఇస్తారో ఇవ్వరో తేలుతుంది.

భయం గురించి చాలా పుస్తకాలు చదివాను. ఓడల మీదా, సరిహద్దు గేట్ల దగ్గరా, ఆసుపత్రి వరండాల్లోనూ దాన్ని చూశాను కూడా. భయపడ్డ మనిషి అరుస్తాడని రాస్తారు. నేను చూసినవాళ్లు ఎక్కువగా చొక్కా గుండీలు లెక్కపెట్టుకున్నారు. ఆ జూన్ ఉదయం నేను పాత పుస్తకాలు అమ్మే వ్యానులో, అట్టపెట్టెల పక్కన కూర్చుని, పట్నం దాకా నలభై కిలోమీటర్లూ బెల్మీరు గుండీలే లెక్కపెట్టాడు. ఆరు గుండీలు. నాకూ కంఠతా వచ్చేశాయి.

కానీ ముందు చెట్టు సంగతి చెప్పాలి.

అతనికి పద్దెనిమిదేళ్లప్పుడు, 2005లో, అడవుల చదువు చదవాలని దేశమంతా రాసే పరీక్ష రాశాడు. రెండు వందలకి తొంభై ఐదు రావాలి. తొంభై నాలుగు వచ్చింది. బడి గోడ మీద అంటించిన కాగితంలో తన పేరు చూసుకుని, తిన్నగా తోటకు వచ్చేశాడు. జూలై నెల, బెరడు వదులయ్యే కాలం, ముఠాకు చేతులు తక్కువ. అతని మేనమామ అన్సెల్ము మేస్త్రి. చేతికి గొడ్డలి ఇచ్చాడు.

ఈ పనిలో బలం కంటే చెవి ముఖ్యం. దెబ్బ బెరడులోకి దిగాలి, దాని కింద కొత్త బెరడు పుట్టించే తల్లిపొరను తాకకూడదు. బెరడు వదిలే ముందు లోపల్నించి ఒక డొల్ల చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు రాకపోతే ఆ చెట్టు ఈ ఏడు ఇవ్వనన్నట్టే, దాన్ని వదిలేసి పక్కదానికి పోవాలి. ఒలిచిన చెట్టు మళ్లీ బెరడు కట్టుకోవడానికి తొమ్మిదేళ్లు పడుతుంది. అందుకే ఒలిచిన ప్రతి మాను మీదా ఆ ఏటి చివరి అంకె తెల్లరంగుతో రాస్తారు.

ఆ రోజు బెల్మీరు ఇవ్వనన్న చెట్టును కొట్టాడు. ఒకటికి నాలుగు దెబ్బలు. గొడ్డలి తల్లిపొర దాటి కట్టెలో దిగింది. జానెడు గాయం, తడిగా, ఎర్రగా. అన్సెల్ము వచ్చి చూశాడు. గొడ్డలి లాక్కుని, కుంచె, రంగుడబ్బా చేతికిచ్చాడు. ఆ వేసవంతా మేనల్లుడు ముఠా వెనకాల నడుస్తూ ప్రతి మాను మీదా అయిదు రాశాడు. మొదటి అయిదు ఆ చెట్టు మీదే.

2014లో అదే తోటకు వచ్చారు. గాయం అంచులు నల్లగా గట్టిపడి ఉన్నాయి. 2023లో మళ్లీ వచ్చారు. ఈసారి అంచులు రెండూ ఉబ్బి, పెదాల్లా దగ్గరికొచ్చి, మధ్యన వేలు పట్టేంత సందు మిగిలింది. పైగా ఎడమ అంచు ముందుకొచ్చింది, కుడిది వెనకబడింది. ఎందుకలా అని ఎస్టేటు చెట్ల సంగతి చూసే ఇంజనీరమ్మ ఎద్విజెస్‌ని అడిగాడు. ఆవిడకూ తెలియదు. తెలియదని ఒప్పుకుంది కూడా, అది అందరి వల్లా అయ్యే పని కాదు.

"వెళ్లి చదువుకుని మీరే కనుక్కోకూడదూ," అంది.

"నాకు తొంభై నాలుగు వచ్చిందండి ఇంజనీరమ్మ గారూ."

"ఇరవై మూడేళ్లు దాటినవాళ్లకి ఆ మార్కులతో పనిలేదు. వేరే దారి ఉంది."

వేరే దారంటే ఒక రాత పరీక్ష, ఇన్నాళ్లూ చేసిన పని చెప్పే కాగితాలు, చివర్న ఆ కుర్చీ. సీట్లు మూడే. నేను తిరిగిన దేశాలన్నింటిలో విశ్వవిద్యాలయాలకు విగ్రహాలున్న పెద్ద గేటొకటి, తోటమాలి వాడుకునే చిన్న తలుపొకటి ఉన్నాయి. నాకెప్పుడూ రెండోదే నచ్చింది. బెల్మీరుకు మాత్రం రెండూ ఒకేలా భయమేశాయి.

ఆ చలికాలమంతా చదివాడు. మే నెలలో రాత పరీక్ష రాసి, మొహం పాలిపోయి వచ్చాడు. అయిదు ప్రశ్నల్లో ఒకటి ముట్టుకోకుండా వదిలేశాడట. చప్పుడు రాలేదు, అందుకే లాగలేదన్నాడు. పరీక్ష పేపరు చెట్టు కాదయ్యా, ఏదో ఒకటి రాయాల్సిందని నేనన్నాను. ఆ మాట అని ఉండకూడదు. వారం రోజులు అతను నిద్రపోలేదు.

అయినా అతని అసలు భయం ఆ ఖాళీ కాగితం కాదు, ఆ కుర్చీలో ఒక ప్రశ్న అడుగుతారేమోనని. మా వైపు ఏ ముఠాలోనైనా ఎవరినైనా అడగండి, ఎన్ని చెట్లు పాడుచేశావని. ఒక్కటీ లేదంటాడు. అందరూ అంతే అంటారు, అది అబద్ధమని అందరికీ తెలుసు. ఉందన్నవాడికి మాత్రం మరుసటేడు ఎవరూ గొడ్డలి ఇవ్వరు. ప్రొఫెసర్లు ప్రయోగాలు చేసేది ఈ ఎస్టేట్లలోనే. ఆ కుర్చీలో అన్న మాట వారంలో ఇక్కడి కాఫీ కొట్టుకు చేరుతుంది.

లోపల జరిగింది తిరుగు దారిలో నాకు మూడుసార్లు చెప్పాడు, మూడుసార్లూ ఒకేలా. మొదటి ఇద్దరూ కాగితాల గురించి ఏదో అడిగారు. జవాబు చెప్పాడు, ఏం చెప్పాడో గుర్తులేదు. మూడో ఆవిడది నెరిసిన జుట్టు, బూట్లకు మట్టి. కాగితాలు మూసేసి అడిగింది.

"పంతొమ్మిదేళ్లలో ఎన్ని చెట్లు పాడుచేశారు?"

ఒక్కటీ లేదంటే ఆవిడ నమ్మదు. ఉందంటే సీటు సరే, చేతిలో గొడ్డలి కూడా పోతుంది.

"ఒకటండి," అన్నాడు.

"ఎప్పుడు?"

"తొంభై నాలుగు మార్కులొచ్చిన రోజున."

ఆ తర్వాత ఆవిడ గాయం ఇప్పుడెలా ఉందని అడిగిందట. మొదటి తొమ్మిదేళ్లూ, రెండో తొమ్మిదేళ్లూ, ఎడమ అంచూ, కుడి అంచూ, అన్నీ చెప్పాడు. ఎంతసేపు చెప్పాడో తెలియదు, కుర్చీ మాట మరిచిపోయాడు. ఎడమ అంచు ఎందుకు ముందుకొచ్చిందనుకుంటున్నారని ఆవిడ అడిగేసరికి కుర్చీ మళ్లీ గుర్తొచ్చింది.

"తెలియదండి. తెలిస్తే ఇక్కడికి వచ్చేవాణ్ణి కాదు."

ఆవిడ ఏదో రాసుకుంది, తలెత్తలేదు. ఏం రాసి ఉంటుందని ఊరు చేరేదాకా నన్నే అడిగాడు.

ఫలితాలకు మూడు వారాలు. మొదటి వారం దాటకముందే మాట వచ్చేసింది. తోటకు నడుస్తుండగా అన్సెల్ము వెనక్కి తిరగకుండా, "చెప్పేశావటగా," అన్నాడు. అంతే. మధ్యాహ్నం రొట్టె తినేటప్పుడు కూడా ఆ ఊసెత్తలేదు. డెబ్బై రెండేళ్ల మనిషి మాట్లాడకపోతే దానికి ఎన్ని అర్థాలైనా ఉండొచ్చు. బెల్మీరు అన్నీ ఆలోచించాడు. చెట్టెక్కేటప్పుడు మొదటిసారి కిందికి చూడడం మొదలుపెట్టాడు.

జూలైలో, ఫలితాలు రావలసిన రోజు పగలు, అతను కొమ్మ మీదుండగా జేబులో ఫోను మోగింది. గొడ్డలి సగంలో ఆగింది. ముఠాకు ఆ ఏటి లెక్కలు రాసుకునే పుస్తకాలిద్దామని వెళ్లిన నేను కిందే ఉన్నాను.

"దిగు," అన్నాడు అన్సెల్ము.

దిగాడు.

"గొడ్డలి ఇటివ్వు."

అతనితో జతగా గొడ్డలి పట్టే అదెరీతు, "ఇచ్చెయ్ రా ప్రొఫెసరూ, పోయినసారి మార్కులొచ్చిన రోజు చెట్టు పోయింది, ఈసారి నా కాళ్లున్నాయి ఇక్కడ," అన్నాడు. అన్సెల్ము గొడ్డలి తీసుకుని తన వెనక పెట్టుకున్నాడు. కుంచె, రంగుడబ్బా మేనల్లుడి చేతికిచ్చాడు.

"ఇప్పుడు చూడు."

బెల్మీరు జేబులోంచి ఫోను తీశాడు. చూడకుండా అదెరీతుకిచ్చాడు. వాడు పైకి చదివాడు, మొదటి పేరు, రెండో పేరు, కావాలనే ఆగి, మూడో పేరు.

"ఆఖరి సీటు రా. తలుపు దగ్గర బెంచీ నీదే."

"ఇంకోసారి చదువు," అన్నాడు బెల్మీరు. ఇంకోసారి చదివాడు. గొంతు ఈసారి తగ్గింది.

"గొడ్డలి ఇస్తావా మామా?"

"రేపిస్తాను. వచ్చే ఏడూ ఇస్తాను. ఇవాళ రంగెయ్యి."

బెల్మీరు ఒలిచిన మాను ముందు నిలబడ్డాడు. కుంచె ముంచాడు, ఎత్తాడు, ఆగాడు.

"నాకు భయమేస్తోంది మామా."

"నాకూ వేస్తోంది. రంగు ఎండిపోతుంది, కానివ్వు."

2024 చివరి అంకె, నాలుగు, రాశాడు. నిలువు గీత వంకరపోయి, రంగు ధారగా చెట్టు వేళ్ల దాకా జారింది. ఎవరూ తుడవలేదు. 2033 దాకా అది అలాగే ఉంటుంది.