తవిటయ్య బొట్టు పెట్టిన ర్యామ్

బెంగాలీ గడ్డ మీది ఝపటాపూర్‌లో తవిటయ్య ఇంట్లో ఏ వస్తువు పాడైనా, ముందు ఆయన కంటబడకుండా దాచేస్తారు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన చేతిలో పడ్డ వస్తువు బాగుపడదని ఎవరూ అనలేరు. బాగుపడుతుంది. ఫ్యాను తిరుగుతుంది, కాకపోతే తిరుగుతున్నంతసేపూ నెత్తిమీద గూడ్సు బండి పోతున్నట్టుంటుంది. మిక్సీ కూడా తిరుగుతుంది. మూత నొక్కడానికి ఒకరు, మిక్సీని పట్టుకోడానికి ఇంకొకరు ఉంటే చాలు. రిపేరు పూర్తయ్యాక ఒక నట్టు మిగలడం మామూలే. "మిగిల్తే ఏటే? కంపెనీవోడే ఒకటి ఎక్కువెట్టినాడు," అంటాడు.

అందుకని ఆయన భార్య చంద్రావతి మిక్సీని కూరల సంచిలో పెట్టి, పైన తోటకూర కప్పి, మలంచా బజారులో రిపేరు కొట్టుకు పట్టుకెళ్ళేది. ఒకరోజు తోటకూర మధ్యలోంచి వైరు వేలాడుతుంటే తవిటయ్య చూశాడు. చూడనట్టు పక్కకు తప్పుకున్నాడు. ఆ పూట అన్నం మాత్రం సయించలేదు. వర్క్‌షాపులో రైలు పెట్టె కింద తన చెయ్యి పడితే ఇంక రెండో మనిషి చూడనక్కర్లేదనేవారు. ఇక్కడ ఇంట్లో గరిట పిడి ఊడినా చెప్పేవాళ్ళు లేరు. ఆయనకు నిజంగా బాధేసింది.

ఈ ఏడు, పనిముట్లకు విశ్రాంతినిచ్చి పూజించే విశ్వకర్మ పూజ నాడు మాత్రం వాళ్ళకు గత్యంతరం లేకపోయింది.

కోడలు మీనాకుమారి ముందుగదిలో కంప్యూటరు పెట్టుకుని పెళ్ళి వీడియోలు కూర్చి ఇస్తుంది. పక్క వీధిలో ఉండే సూసన్న అనే ఆవిడ కూతురి పెళ్ళి వీడియో ఆ సాయంత్రానికి ఇచ్చెయ్యాలి, మర్నాడు పొద్దున్నే పెళ్ళికూతురు అత్తవారింటికి బండెక్కుతుంది. చూస్తే కంప్యూటరు మొండికేసింది. పాట చేర్చగానే తెర బిగుసుకుపోతోంది. మెమరీ సరిపోవడం లేదని, కొత్త ర్యామ్ ముక్క ఒకటి వేస్తే పరుగెడుతుందని మలంచా కొట్టువాడు చెబితే కొనుక్కొచ్చింది. బిగించడానికి రమ్మంటే, "పూజ రోజున స్క్రూడ్రైవర్ ముట్టను దీదీ, రేపొస్తాను," అన్నాడు. తనే విప్పబోతే పాత స్క్రూలు కదల్లేదు.

గూడ్సు గార్డుగా బండి మీద ఉన్న మొగుడు శ్రీనివాస్ ఫోనులో ఒకటే మాట చెప్పాడు: "ఏటి సేసినా సెయ్యి గానీ, నాన్నని మాత్రం దాని దగ్గరికి రానియ్యకు."

ఫోను పెట్టేసి తిరిగి చూస్తే గుమ్మంలో తవిటయ్య.

"ఏటమ్మా, స్క్రూ రానేదా?"

మీనాకుమారి ఒకసారి గోడ గడియారం వంక, ఒకసారి మామగారి వంక చూసింది. "పూజ రోజు కదా మావయ్యా, మీరు పనిముట్టు పట్టుకోవచ్చా?"

"ఇయాళ షాపు ఆగుద్ది గానీ బళ్ళు ఆగిపోతాయేటమ్మా?"

ఆవిడ స్క్రూడ్రైవర్ ఆయన చేతికిచ్చేసింది.

స్క్రూలు ఆయన చేతికి వెంటనే లొంగాయి. ప్లగ్గు తీసెయ్యమంది, తీశాడు. ఒంట్లో చేరే స్టాటిక్ కరెంటు పోయేలా ముందు కంప్యూటరు ఇనప డబ్బాను ముట్టుకోమంది, దండం పెట్టినంత భక్తిగా ముట్టుకున్నాడు. ముక్కను అంచులు పట్టుకుని గాడిలో నిలబెట్టి, రెండు కొసలా క్లిప్పులు పడేదాకా నొక్కాలని చెబుతుండగానే సూసన్న వచ్చి వాకిట్లో కేకేసింది. ఆవిడకు సర్దిచెప్పడానికి మీనాకుమారి బయటికెళ్ళింది.

తవిటయ్య ఆ ముక్కను చేతిలోకి తీసుకున్నాడు. షాపులో కొత్త పనిముట్టు ఏదొచ్చినా బొట్టు పెట్టకుండా పనిలో దించేవారు కాదు. అందులోనూ ఇవాళ విశ్వకర్మ పూజ. దేవుడి గదిలోంచి తడిపిన పసుపు, కుంకుమ తెచ్చాడు. తీరా పెట్టబోతే సందేహం వచ్చింది. బొట్టు పెట్టేది ముఖానికి కదా, దీనికి ముఖం ఏ వైపు? ఇటూ అటూ తిప్పి చూశాడు. ఒక అంచున బంగారు పళ్ళు వరసగా మెరిశాయి. ఇంకేం, ఇదే ముఖమనుకుని, ఆ పళ్ళ మీద నిండుగా పెట్టి, దండం పెట్టుకుని, గాడిలో దించి నొక్కాడు. క్లిప్పులు రెండూ పడ్డాయి. నట్లేవీ మిగల్లేదు కూడా.

మీనాకుమారి వచ్చి స్విచ్చి వేసింది. తెర వెలగలేదు. డబ్బాలోంచి బీప్, బీప్ అని ఒకటే అరుపు.

"సచ్చు ముక్క అంటగట్టేసినాడు!" అంది ఆవిడ. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీరు సరిగ్గానే పెట్టినారు మావయ్యా, వాడే మోసం సేసినాడు. ఇప్పుడే కడిగేస్తాను వాణ్ణి," అని కొట్టువాడికి ఫోను కలిపింది.

తవిటయ్యకు తను పెట్టిన బొట్టు గుర్తొచ్చింది. ఊరుకుంటే తప్పు కొట్టువాడి నెత్తిన పోతుంది, తనకు ఉన్న కాస్త పరువూ దక్కుతుంది. చెబితే మాత్రం ఈ జన్మలో ఈ ఇంట్లో మేకు కొట్టనివ్వరు. అవతల ఫోను మోగుతోంది.

"పెట్టీ తల్లీ, ఫోను పెట్టీ," అన్నాడు. "ఆడి తప్పేటీ నేదు. నాను బొట్టెట్టినాను."

"దేనికి?"

"దానికే. పళ్ళకి."

మీనాకుమారి ఫోను కట్ చేసింది. ప్లగ్గు పీకి, ముక్కను బయటికి తీయించి చూసింది. బంగారు పళ్ళన్నీ పసుపు కుంకుమలతో పేరంటానికి బయల్దేరినట్టున్నాయి. తిడుతుందని తవిటయ్య తల వంచుకున్నాడు. ఆవిడ పెదవి బిగబట్టింది గానీ ఆగలేకపోయింది. నవ్వి నవ్వి కుర్చీలో కూలబడింది.

తర్వాత గాడిలో అంటిన రంగు పొడిబ్రష్షుతో దులిపి, ముక్క పళ్ళను రబ్బరుతో రుద్ది రుద్ది మెరిపించింది. మెరిపించి, ఆయన చేతికే ఇచ్చింది.

"నానా?" అన్నాడు తవిటయ్య.

"మరెవరు? తప్పు మీదని మీరే సెప్పినారు. ఇంక మీ సేతిని నమ్మకపోడానికేటి? పెట్టండి మావయ్యా."

ఆయన చేతులు రెండూ పంచెకు తుడుచుకుని ముక్కను గాడిలో దించాడు. షాపులో చేరిన మొదటి రోజు కూడా అంత జాగ్రత్తగా ఏదీ బిగించలేదు. క్లిప్పులు టిక్కుటిక్కున పడ్డాయి. ఈసారి తెర వెలిగింది, వీడియోలో పెళ్ళికూతురు ఎక్కడా ఆగకుండా గుమ్మం దాటి వచ్చేసింది.

ఇంతలో మీనాకుమారి ఫోను మోగింది. కొట్టువాడు. ఇందాక ఎందుకు చేశారు దీదీ, రేపు పొద్దున్నే రమ్మంటారా అని అడుగుతున్నాడు. అక్కర్లేదు దాదా, మా మావయ్య ఉన్నారు, ఆయనే బిగించేశారు అని ఆవిడ బెంగాలీలో చెప్పి పెట్టేసింది.

తవిటయ్య ఈ ఊళ్ళో పుట్టి పెరిగినవాడు. బెంగాలీలో బేరమాడగలడు, దెబ్బలాడగలడు. అయినా మెడ ముందుకు చాచి, "ఏటమ్మా, ఆడితో ఏటన్నావు? నాకు తెలీనేదు," అని అడిగాడు.

మీనాకుమారి ఆయన ముఖంలోకి చూసింది. చూసి, వంటింట్లో ఉన్న అత్తగారికి కూడా వినబడేంత గట్టిగా, అదే మాట మళ్ళీ తెలుగులో చెప్పింది.